నలుగురిలో నోరు పెగలడం లేదు

ప్రశ్న: మేడమ్, నా వయసు 26. మాది నాగర్‌కర్నూల్ దగ్గర ఊరు. బేగంపేటలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఎస్సార్ నగర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉంటాను, రోజూ మెట్రోలో వెళ్లొస్తాను. నలుగురిలో ఉంటే నాకు నోరు పెగలదు. లంచ్ టైంలో అందరూ మాట్లాడుతుంటే నవ్వుతూ కూర్చుంటాను. నేను ఏదో చెబుదామనుకునే సరికి వాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోతారు. ఫోన్‌లో మాట్లాడితే మా మేనేజర్ "చివర్లో ఏమన్నావో వినపడలేదమ్మా" అంటారు. ఒకసారి "గట్లనే చేసిన సార్" అన్నాను. పక్క సీటు అమ్మాయి అదే మాట మళ్లీ అని నవ్వింది. అప్పటి నుంచి ఇంకా తగ్గించేశాను. అమీర్‌పేటలో మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకున్నాను. మెయిల్స్ బాగానే రాస్తున్నాను, మాట మాత్రం మారలేదు. వచ్చే నెల 5న హాస్టల్ ఖాళీ చేస్తున్నాను. అడ్వాన్సు 5 వేలు వాపసు అడగాలి. అడగలేనేమోనని ఇప్పటి నుంచే టెన్షన్. మా అమ్మ చిన్నప్పటి నుంచీ నన్ను "నోట్లో నాలుక లేని పిల్ల" అంటుంది. ఇది మారుతుందా?
– పేరు వద్దు, ఎస్సార్ నగర్

సమాధానం: మారుతుందమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆఫీసు, హాస్టల్, పక్క సీటు అమ్మాయి, అమ్మ మాట అన్నీ ఒక వరసలో, ఎక్కడా తడబాటు లేకుండా చెప్పారు. చెప్పడం చేతకాని మనిషి ఇలా రాయలేదు. మాట మీ దగ్గర ఉంది. అది ఎదుటి మనిషి దాకా చేరడం లేదు, అంతే. ఎక్కడెక్కడ ఆగిపోతోందో కూడా మీరే రాశారు.

ముందు అమ్మ మాట సంగతి. మన ఊళ్లలో "నోట్లో నాలుక లేని పిల్ల" అంటే సగం మెచ్చుకోలే. ఎదురు చెప్పదు, గొడవ పెట్టుకోదు అని చుట్టాల ముందు మురిపెంగా చెప్పుకునే మాట అది. చిన్నప్పుడు నోరు విప్పకపోతే మెచ్చుకున్నారు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక్కదానివే నెగ్గుకు రావాలంటున్నారు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? అమ్మ మీద కోపం పెట్టుకోవద్దు. కానీ ఆ మాటను మీ స్వభావమని నమ్మొద్దు. అది మీకు అలవాటు చేసిన పద్ధతి, ఇంకో పద్ధతి అలవాటు చేసుకోవచ్చు.

నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఎంతమందితో నోరు తెరిచి మాట్లాడారో ఒకసారి లెక్కపెట్టండి. ఎస్సార్ నగర్‌లో మెట్రో ఎక్కుతారు, కార్డు ఆనిస్తే గేటు తెరుచుకుంటుంది. ఒక్క స్టేషన్ దాటి అమీర్‌పేటలో మారతారు, ఇంకొక్క స్టేషన్ దాటితే బేగంపేట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆఫీసులో పక్క గదిలో ఉన్న మనిషికి కూడా మెసేజే. చాయ్ బండి దగ్గర యూపీఐ స్కాన్ చేస్తే డబ్బులు వచ్చాయని డబ్బానే గట్టిగా చెబుతుంది, మీరు చెప్పనక్కర్లేదు. రాత్రి టిఫిన్ యాప్‌లో వస్తుంది, తలుపు దగ్గర నాలుగంకెల ఓటీపీ చెబుతారు. రోజు మొత్తంలో మీరు పూర్తిగా పలికిన వాక్యాలు పదో పన్నెండో ఉంటాయేమో. అందులో సగం మేనేజర్‌తో, భయంభయంగా. ఊర్లో ఉన్నప్పుడు బోరింగు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, బస్సు కోసం నిలబడ్డ చెట్టు కింద ఇంతకు పదింతలు మాట్లాడి ఉంటారు. మీకు నోరు లేక కాదు, ఈ ఊర్లో దానికి పని తగ్గిపోయింది.

అందుకే లంచ్ టేబుల్ దగ్గర మొదలుపెట్టమని నేను చెప్పను. అది కష్టమైన చోటు. తేలికైన చోట్లు చూద్దాం.

మీకు ఎర్రగడ్డ రైతు బజారు దగ్గరే. ఆదివారం పొద్దున ఒక సంచీ తీసుకుని వెళ్లండి. 1999లో ఈ రైతు బజార్లు పెట్టినప్పటి నుంచీ అక్కడ ధరలు బోర్డు మీదే రాస్తున్నారు. కాబట్టి బేరం ఆడే బాధ లేదు, బేరం రాదని సిగ్గుపడే పనీ లేదు. మిగిలింది ఉత్త మాటే. "అవ్వా, ఈ చిక్కుడుకాయ ఏ ఊరిది?" అని అడగండి. "ఎన్ని గంటలకు బయలుదేరిన్రు?" అనండి. కూరగాయలు పండించే మనిషి తన చేను గురించి అడిగితే ముఖం తిప్పుకోవడం నేను చూడలేదు. ఆమె చెబుతుంది, మీరు వింటారు, ఇంకో మాట దానంతటదే వస్తుంది. హాస్టల్ వాచ్‌మన్ తాత, లిఫ్టులో కలిసే మనిషి, ఆఫీసులో చాయ్ తెచ్చే అన్న, వీళ్లందరితోనూ రోజుకు రెండేసి వాక్యాలు చాలు. "మంచిగున్నవా తాతా? మోకాలు నొప్పి ఎట్లుంది?" అన్నా మాట్లాడినట్టే. పలకరింపు ఒకటి, నిన్నటి మాట గుర్తుపెట్టుకుని అడిగేది ఒకటి. ఆ రెండోదే మనిషిని దగ్గర చేస్తుంది.

ప్రయాణంలో ఎవరితోనో మాట్లాడితే విసుక్కుంటారేమో అనిపిస్తుంది. 2014లో అమెరికాలోని షికాగోలో ఇద్దరు పరిశోధకులు ఇదే చూశారు. రోజూ రైళ్లలో, బస్సుల్లో పనికి వెళ్లేవాళ్లలో కొందరిని పక్కనున్న కొత్త మనిషితో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా ఉండమన్నారు. ఎలా ఉంటుందో ఊహించి చెప్పమని ఇంకొందరిని అడిగితే, మౌనంగా కూర్చుంటేనే హాయి అన్నారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్లకే ప్రయాణం బాగా గడిచింది. షికాగో వేరు, మన ఊరు వేరు. ఒంటరి ఆడపిల్ల ఎవరితో పడితే వాళ్లతో మాట కలపమని నేను అనను. మెట్రోలో ఆడవాళ్లకు కేటాయించిన చోటు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం అయ్యాక సగం బస్సు ఆడవాళ్లే ఉంటున్నారు. పెద్దావిడ మూటతో నిలబడి ఉంటే "ఇటు ఇవ్వమ్మా, పట్టుకుంట" అనండి. ఆమె దిగేలోపు కూతురి కాన్పు దాకా చెబుతుంది. ఎవరైనా మాట కలపడం ఇష్టం లేనట్టు కిటికీ వైపు తిరిగితే వదిలేయండి. అది మీ తప్పు కాదు, వాళ్ల మనసులో ఇంకేదో నడుస్తోంది.

ఇక లంచ్ టేబుల్. మీరు చెబుదామనుకునే సరికి వాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారన్నారు. ఇందులో తెలివి తక్కువతనం ఏమీ లేదు, ఇది కాలం లెక్క. 2009లో నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా పరిశోధన సంస్థ వాళ్లు ప్రపంచంలో పది భాషల సంభాషణలను రికార్డు చేసి కొలిచారు. ఒకరి ప్రశ్న అయిపోయాక ఇంకొకరి జవాబు మొదలవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు! అదే ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటే, నోటికి ఆ ఒక్క మాట రావడానికే సెకనులో సగం పైన పడుతుంది. అంటే అందరూ ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే తమ మాట సిద్ధం చేసుకుంటారు. మీరేం చేస్తున్నారు? వాళ్లు ముగించేదాకా ఆగుతున్నారు. తర్వాత వాక్యం కడుతున్నారు. అందులో "గట్ల" తీసి "అలా" పెడుతున్నారు. నవ్వుతారేమో అని ఇంకోసారి చూసుకుంటున్నారు. అప్పటికి రెండు సెకన్లు అయిపోయాయి. బండి స్టేషన్ దాటింది.

దీనికి మందు పెద్ద వాక్యం కట్టడం మానడమే. చిన్న మాటతో లోపలికి అడుగు పెట్టండి. "మా ఊర్లో కూడా…" అనండి చాలు, అందరూ ఒక్క క్షణం మీ వైపు చూస్తారు. ఆ క్షణంలో మిగతాది వస్తుంది. లేదా "అవునా, తర్వాత?" అనండి. అది కూడా మాటే. మన పెద్దవాళ్లు కథ చెప్పేటప్పుడు పిల్లల్ని ఊఁ కొట్టమనేవాళ్లు, ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేవాళ్లు. వినేవాళ్లు లేకుండా చెప్పేవాళ్ల మాట సాగదు. మీరు నవ్వుతూ కూర్చుంటారు కదా, ఆ నవ్వుకు ఒక ఊఁ, ఒక "అయ్యో", ఒక "ఎందుకట్ల?" కలపండి. ఇంకో సంగతి, టేబుల్ చివర కూర్చోకండి, మధ్యలో కూర్చోండి. చివర కూర్చున్న మనిషి మాట సగం మందికి చేరదు. వీలైతే అందరికంటే ఐదు నిమిషాలు ముందు వెళ్లండి. అప్పుడు ఒక్కరో ఇద్దరో ఉంటారు. ఇద్దరి మధ్య మొదలైన మాటలోకి తర్వాత నలుగురు వచ్చి చేరితే మీరు అప్పటికే లోపల ఉంటారు.

ఏం మాట్లాడాలో తోచనప్పుడు మనందరికీ ఒక అలవాటు ఉంది. "ఇంకేంటి?" అంటాం. అవతలివాళ్లు "ఏం లేదు, నువ్వే చెప్పాలి" అంటారు. అక్కడితో అయిపోతుంది. ఆ "ఇంకేంటి"ని ఒక నెల పక్కన పెట్టండి. దానికి బదులు వాళ్లు చివరగా అన్న మాట పట్టుకోండి. "శనివారం యాదగిరిగుట్ట పోయినం" అన్నారనుకోండి, "ఎట్ల పోయిన్రు, బస్సులనా?" "రద్దీ ఉండెనా?" "పిల్లలు సతాయించలేదా?" ఇలా ఎన్నైనా అడగొచ్చు. 2017లో హార్వర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎదుటివాళ్లు చెప్పినదాని మీదే మళ్లీ ప్రశ్న అడిగేవాళ్లను జనం ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది. ఇందులో మీకు ఇంకో లాభం ఉంది. మీ మనసు మీ గొంతు మీద, మీ యాస మీద కాకుండా ఎదుటి మనిషి మీద ఉంటుంది. భయం ఎప్పుడూ మన మీదే మనం చూపు పెట్టినప్పుడు పెరుగుతుంది.

మేనేజర్ అన్న మాట నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది. "చివర్లో ఏమన్నావో వినపడలేదమ్మా." మాట మెల్లగా ఉందని ఆయన అనలేదు, "చివర్లో" వినపడలేదన్నారు. తెలుగులో అసలు సంగతంతా వాక్యం చివరనే ఉంటుంది. "ఆ బిల్లు పంపిం…" దాకా వినపడి మిగతాది మీరు మింగేస్తే ఆయనకు ఏం తెలుస్తుంది? పంపించిందా, పంపించలేదా, పంపిస్తుందా, పంపించలేదట, పంపించమంటుందా? చేసిన పనీ, చేయని పనీ, నిన్నా, రేపూ, నేనూ, వాళ్లూ, మర్యాదా అన్నీ ఆ చివరి రెండు మూడు అక్షరాల్లోనే. ఇంగ్లిష్‌లో అయితే "కాదు" అన్న సంగతి వాక్యం మొదట్లోనో మధ్యలోనో తేలిపోతుంది, ఆపైన గొంతు తగ్గినా పెద్ద నష్టం లేదు. మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ఇది ఎవరూ చెప్పి ఉండరు. నేర్చుకోవడం మంచిదే, ఆ ఇంగ్లిష్ ఎక్కడికీ పోదు. కానీ మీ ఇబ్బంది భాషది కాదు, ఊపిరిది. భయంలో ఊపిరి పైపైన పీల్చి మొదలుపెడతారు, వాక్యం చివరకు వచ్చేసరికి అది అయిపోతుంది.

దీన్ని బాగుచేసుకోవడానికి రోజుకు ఐదు నిమిషాలు చాలు. రాత్రి హాస్టల్ డాబా మీదికి వెళ్లండి. ఆ రోజు ఆఫీసులో అన్న ఐదు వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేయండి. మొదలుపెట్టే ముందు పొట్ట దాకా గాలి పీల్చండి, చివరి క్రియను మొదటి మాటంత గట్టిగా అనండి. "సార్, ఆ రెండు బిల్లులు నిన్న సాయంత్రమే పంపించిన." ఆ "పంపించిన" డాబా అవతలి గోడకు తగలాలి. మొదటిసారి మీ గొంతు వింటే మీకే నచ్చదు, అందరికీ అంతే. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక తల ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది, అందుకే గంభీరంగా వినిపిస్తుంది. రికార్డులో ఆ ఎముకల భాగం ఉండదు, సన్నగా వినపడుతుంది. మిగతా లోకం మొదటి నుంచీ విన్నది ఆ సన్న గొంతునే, వాళ్లకు అదే మీరు. వారం వింటే అలవాటైపోతుంది. ఆఫీసులో ఫోన్ ఎత్తే ముందు చెప్పాల్సిన మూడు సంగతులు చీటీ మీద రాసుకోండి. ఫోన్‌లో మీ ముఖం కనపడదు కాబట్టి ఊఁ కొట్టడం అక్కడ ఇంకా అవసరం. లేకపోతే అవతలివాళ్లు "హలో, ఉన్నరా?" అంటారు, దాంతో మీకు ఇంకా కంగారు.

ఇప్పుడు యాస సంగతి. ఆ పిల్ల నవ్వినప్పుడు మీకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. నేను కొంచెం గట్టిగానే చెబుతాను, "గట్లనే చేసిన" అన్నదాంట్లో ఒక్క తప్పు లేదు. అది శుద్ధమైన తెలుగు వాక్యం, మీ అమ్మమ్మ నోటి నుంచి మీకు వచ్చింది. జనం మాట్లాడే భాషలోనే చదువు, రాత ఉండాలని ఉద్యమం చేసిన గిడుగు వెంకట రామమూర్తి పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. తెలంగాణ పలుకు కోసం జీవితమంతా నిలబడ్డ కాళోజీ నారాయణరావు పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఒకప్పుడు "దవాఖాన" అంటే మొరటు మాట అని నవ్వినవాళ్లున్నారు. 2018 నుంచి ఈ ఊరి బస్తీల్లో ప్రభుత్వం పెట్టిన బోర్డుల మీద ఆ మాటే ఉంది. "జర ఆగు", "పరేషాన్ కావొద్దు", "బరాబర్" అనకుండా హైదరాబాద్‌లో ఒక పూట గడవదు. మళ్లీ ఎవరైనా మీ మాట తిప్పి అంటే "మా దిక్కు గట్లనే అంటం" అని చెప్పి మీ మాట మీరు కొనసాగించండి, ఆగకండి. ఆ అమ్మాయి చెడ్డదై ఉండకపోవచ్చు. ఒకరోజు ఇద్దరే ఉన్నప్పుడు "నువ్వు ఆరోజు నవ్వితే నాకు బాధైంది" అని ఒక్క వాక్యం చెప్పి చూడండి. చాలామంది ఆ మాటతో మారతారు. మారకపోతే ఆమెకు అంత విలువ ఇవ్వాల్సిన పని లేదు.

యాసలో ఒకచోట మాత్రం ఎరుక ఉండాలి. మీ వైపు అమ్మానాన్నలనూ, పెద్దవాళ్లనూ "నువ్వు" అంటారు, అందులో ప్రేమే కానీ చులకన లేదు. కోస్తా జిల్లాల్లో పెరిగిన మనిషికి అదే "నువ్వు" చెంపదెబ్బలా తగలొచ్చు. అటు వాళ్ల "అండీ", "గారు" మీకు దూరం పెడుతున్నట్టు అనిపించొచ్చు. ఒకే ఆఫీసులో రెండు వైపులవాళ్లూ ఉన్న ఊరు ఇది. అందుకని ఆఫీసులో పెద్దవాళ్లకు, కొత్తవాళ్లకు "మీరు" వాడండి, ఆటో అన్నను "అన్నా" అనండి, వాచ్‌మన్ తాతను "తాతా" అనండి. వరస కలిపితే తర్వాత వచ్చేది "నువ్వు" అయినా ఎవరికీ నొప్పి కలగదు. ఇది యాస మార్చుకోవడం కాదు, ఎదుటి మనిషి ఇంటి గడప ఎంత ఎత్తుందో చూసి అడుగు వేయడం.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై రెండేళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. నగరం అంచున ఉన్న ఒక బ్రాంచిలో పని చేసేటప్పుడు కంప్యూటర్ల లైను తరచూ పోయేది. ఒక ముసలావిడ పింఛను డబ్బుల కోసం వచ్చింది. "లింక్ లేదమ్మా, రేపు రా" అన్నాను. మర్నాడూ అదే మాట. మూడో రోజు ఆమె కౌంటర్ పట్టుకుని నిలబడి అడిగింది, "బిడ్డా, ఆ లింకు సారు ఎప్పుడొస్తడు? నేను ఆయన ఇంటికే పోతా" అని. మూడు రోజులు బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చింది ఆవిడ. నేను మూడు రోజులూ స్పష్టంగా, గట్టిగానే మాట్లాడాను, నాకు మాట్లాడటం బాగా వచ్చని అప్పట్లో అందరూ అనేవారు. అయినా నా మాట ఆమె దాకా ఒక్క అంగుళం చేరలేదు. ఆరోజు నేను కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి, ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని, "కరెంటు పోయినట్టు మా మిషన్లకు తీగ తెగింది, బాగైతే మన రాజయ్య కొట్టుకు ఫోన్ చేసి చెప్తా, అప్పుడే రా" అన్నాను. అప్పటి నుంచి "అర్థమైందా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు మొహమాటంతో అందరూ "ఆఁ" అనే అంటారు. "అయితే ఇప్పుడు ఎట్ల చేస్తవు?" అని అడుగుతాను. వాళ్లు చెప్పే జవాబులో నా మాట చేరిందో లేదో తెలిసిపోతుంది.

మీరు అకౌంట్స్‌లో ఉన్నారు కాబట్టి ఇది మీకు రోజూ పనికొస్తుంది. సరుకు ఇచ్చినాయన ఫోన్ చేసి "పైసలు తక్కువ పడ్డయేంది?" అంటాడు. "టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కట్ అయింది సార్" అంటే మీ వైపు నుంచి జవాబు అయిపోయింది, ఆయన వైపు అనుమానం అట్లాగే ఉంది. "ఆ మొత్తం మీ పేరు మీదే ఇన్‌కం ట్యాక్స్‌కు కడతం సార్, మీరు రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తది" అనండి. ఆయన స్థిమితపడతాడు. నాలుగు ఫోన్లు అలా మాట్లాడాక మీ ఆఫీసులో మిమ్మల్ని ఎవరూ మాటలు రాని పిల్ల అనరు.

ఇంకో చిన్న ధైర్యం. 2018లో అమెరికా, బ్రిటన్ పరిశోధకులు కొత్తవాళ్ల చేత మాట్లాడించి తర్వాత ఇద్దరినీ విడివిడిగా అడిగారు. ఎదుటివాళ్లకు తాము ఎంత నచ్చామని ఎవరికి వాళ్లు అనుకున్నారో, నిజానికి అంతకంటే ఎక్కువే నచ్చారు. లంచ్ నుంచి సీటుకు వచ్చాక "అట్ల ఎందుకన్నాను" అని మీరు గంటసేపు తవ్వుకుంటారు చూడండి, ఆ తవ్వకంలో బయటపడేది నిజం కాదు.

ఒకవేళ ఇది మొహమాటం దాటిపోయిందనుకోండి, అంటే మాట్లాడాల్సి వస్తుందని ముందు రోజు రాత్రి నిద్ర పట్టకపోవడం, గుండె దడ, దానికోసం ఆఫీసుకే సెలవు పెట్టడం, అప్పుడు ఆలస్యం చేయకండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ సమయంలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు లేవు. ఎర్రగడ్డలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఈ ఊర్లో "ఎర్రగడ్డ" పేరును వెక్కిరింపుగా వాడే పాడు అలవాటు ఒకటుంది, అది వినీ వినీ చాలామంది సాయం దాకా వెళ్లకుండా ఆగిపోతున్నారు. మీరు ఆగొద్దు. మాట నత్తిగా రావడం వేరే సంగతి, మీ ఉత్తరంలో అది లేదు. ఉన్నవాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మాట, వినికిడి ఇబ్బందులు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి వెళ్లొచ్చు. స్టేజీ మీద మాట్లాడాలన్న కోరిక తర్వాతెప్పుడైనా కలిగితే నలుగురిలో మాట్లాడటం సాధన చేయించే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఒకటి రెండు నిమిషాలు అప్పటికప్పుడు మాట్లాడిస్తారు, ఎవరు ఎన్నిసార్లు "ఆఁ, ఊఁ" అన్నారో లెక్కపెట్టి చెబుతారు. ఇప్పుడే అవసరం లేదు.

ఇప్పుడు అడ్వాన్సు. మనం డబ్బు అడిగేటప్పుడు ఎలా మొదలుపెడతాం? "ఏం లేదు ఆంటీ… ఏమనుకోకండి… అదే, కొంచెం…" అంటాం. ఆ మొహమాటం అయ్యేలోపు హాస్టల్ నడిపే ఆంటీకి ఫోన్ వస్తుంది, లేకపోతే వంటమనిషి పిలుస్తుంది. అసలు మాట చెప్పకుండానే మెట్లు దిగేస్తాం. ఈసారి అసలు మాట మొదటి వాక్యంలోనే రావాలి, అంకెతో, తారీఖుతో. 5వ తేదీ దాకా ఆగకండి. చాలా హాస్టళ్లలో ముందుగా చెప్పాలన్న షరతు ఉంటుంది, మీ రసీదు తీసి చూసుకోండి. ఈ వారమే, పొద్దున హడావుడి తగ్గాక, పదకొండు గంటలప్పుడు ఆదివారం వెళ్లండి. నిలబడి కాదు, కూర్చుని మాట్లాడండి.

"ఆంటీ, నేను వచ్చే నెల 5న ఖాళీ చేస్తున్న. నా అడ్వాన్సు 5 వేలు ఆరోజే ఇస్తరా?"

ఈ రెండు వాక్యాలు అన్నాక నోరు మూసుకోండి. ఇదే కష్టం. ఆ మౌనం భరించలేక "లేదంటే తర్వాతైనా పర్వాలేదు ఆంటీ" అని మీరే అనేస్తారు, ఆ మాట ఆమె అడగనే లేదు. మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. జవాబు ఆమెను చెప్పనివ్వండి.

"ఇప్పుడు చేతిలో లేవమ్మా, చూద్దాం" అనొచ్చు. మన భాషలో "చూద్దాం" అంటే చాలాసార్లు "లేదు" అని అర్థం. దాన్ని అక్కడ వదలకండి. కోపం తెచ్చుకోవద్దు, మెత్తగానే అడగండి, "సరే ఆంటీ, ఏ తారీఖున రమ్మంటరు?" తారీఖు చెబితే "10న సాయంత్రం వస్త" అని మళ్లీ అదే తారీఖు మీ నోటితో అనండి. గదికి వెళ్లాక "ఆంటీ, 10న సాయంత్రం అడ్వాన్సు 5 వేలకు వస్త అని చెప్పిన కదా" అని ఒక మెసేజ్ పెట్టండి. గోడకు రంగు వేయాలి, కొంత కోసుకుంటాను అంటే "ఎంత, ఎందుకు ఆంటీ?" అని లెక్క అడగండి. లెక్కలే మీ ఉద్యోగం కదమ్మా, ఆ చోట మీకంటే బాగా మాట్లాడేవాళ్లు ఆ హాస్టల్‌లో ఉండరు.

వెళ్లే ముందు రెండు రాత్రులు డాబా మీద ఈ రెండు వాక్యాలూ పైకి అని చూసుకోండి. గదిలో ఉండే అమ్మాయిని ఆంటీలా కూర్చోబెట్టి, "చూద్దాం" అనమనండి. "ఇస్తరా" అన్న చివరి మాట ఆమెకు స్పష్టంగా వినపడిందో లేదో అడగండి. వినపడకపోతే ఇంకోసారి అనండి.